ఎడమకి ఒరిగిన పాట

మాస్టారికి పాము చెవులని పేరు. ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. ముప్ఫై అయిదేళ్ళుగా వయొలిన్ వాయిస్తున్న మనిషి. పదిమంది కలిసి వాయిస్తుంటే అందులో ఎవరి తీగ వెంట్రుకవాసి దిగిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. పై వాటాలో చెంచా కింద పడితే అది స్టీలుదో ఇత్తడిదో చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య వంటింట్లో ఏదో గొణుక్కుంటే హాల్లోంచి సమాధానం వచ్చేది. దాంతో ఆవిడ గొణుక్కోవడమే మానేసింది. ఏదున్నా మొహం మీదే అనేయడం అలవాటు చేసుకుంది. ఆ అలవాటు కాపరానికి మంచే చేసిందనుకోండి.

అలాంటి మనిషి నాలుగు నెలల క్రితం ఫోను ఎడమ చెవి దగ్గర్నుంచి తీసి కుడి చెవికి పెట్టుకున్నాడు. ఎడమ చెవిలో అవతలివాళ్ళు ముసుగుతన్ని పడుకుని మాట్లాడుతున్నట్టుంది. ఫోను పాడయిందనుకుని కొత్తది కొన్నాడు. కొత్తదీ అలాగే ముసుగుతన్నింది. ఇంకెవరైనా అయితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఈయన పరిగెత్తలేదు సరికదా, ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. సోఫాలో ఎడమ చివర కూర్చుంటే ఎవరొచ్చినా తన కుడిపక్కనే కూర్చోవాలి కదా, అందుకని ఆ చివర తనదని ఖాయం చేసుకున్నాడు. ఎడమ పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే ఏదో గొప్ప ఆలోచనలో ఉన్నట్టు కనుబొమలు ముడిచేవాడు. కళాకారుడు కదా, ఎవరూ అనుమానించలేదు.

ఎందుకు దాచాడంటే కారణం ఉంది. ఒకప్పుడు వాద్యబృందంలో ఈయన పక్క కుర్చీలో ఇంకో వయొలిన్ ఆయన ఉండేవాడు. బంగారంలాంటి చెయ్యి. వయొలిన్ వాళ్ళకి వాయిద్యం ఎడమ చెవి కిందే మోగుతుంది. ఏళ్ళ తరబడి మోగి మోగి కొంతమందికి ఆ చెవే ముందు మందగిస్తుంది. పాపం ఆయనకీ అదే జరిగింది. ఆ సంగతి ఆయన టీ తాగుతూ నలుగురిలో అమాయకంగా అనేశాడు. అందరూ అయ్యో అన్నారు, భుజం తట్టారు. ఆ తర్వాత ఒక్కరూ కబురు పెట్టలేదు. మూడు నెలలు తిరిగేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని తీగలు సవరించుకుంటున్నారు. మాస్టారు అదంతా పక్కనుండి కళ్ళారా చూశాడు. తన చెవి సంగతి బయటపడిన రోజున తన కుర్చీకీ అదే గతి పడుతుందని ఆయన బెంగ.

ఇలా గుట్టుగా నెట్టుకొస్తుంటే రేడియో స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. పిల్లల కార్యక్రమాలు చూసుకునే మేడమ్ చేసింది. పొద్దుటిపూట పిల్లలకి కథలు చెప్పే కార్యక్రమం కొత్తగా మొదలుపెడుతున్నారట. కథకి ముందు ఒక నిమిషం పాటు మాటల్లేని పాట ఒకటి రావాలి, అది మాస్టారే కట్టాలి. నచ్చితే ఏడాది పొడుగునా కథలన్నిటికీ సంగీతం ఆయనదే. మాస్టారి ప్రాణం లేచొచ్చింది. కాకపోతే చిన్న మెలిక ఉంది. స్టేషన్లో రికార్డింగు గది రిపేర్లో ఉంది కాబట్టి, వాయించడం దగ్గర్నుంచి అన్నీ కలిపి నున్నగా తయారుచేయడం దాకా ఇంట్లోనే కంప్యూటర్ మీద చేసి పంపించాలి. వినేది మీరైతే నాకు బెంగ లేదు, మీ చెవుల మీద నాకు గురి అందావిడ. మాస్టారు ఫోనుని కుడి చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుని, దానికేం భాగ్యం, చేసేస్తానన్నాడు.

కూతురు ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది. కార్టూన్ బొమ్మలకి డబ్బింగ్ చెప్పించే స్టూడియోలో ఆ పిల్ల సౌండ్ ఎడిటర్. కుందేళ్ళ కేకలూ ఎలుగుబంట్ల గురకలూ కత్తిరించి అతికించడంతో రోజంతా గడిచిపోతుంది. తన పాత కంప్యూటరూ, సంగీతం చేసుకునే సాఫ్ట్‌వేరూ, ఒక మైకూ, ఒక జత హెడ్‌ఫోన్సూ తెచ్చి అమ్మ కుట్టుమిషన్ గదిలో కిటికీ పక్కన బల్లమీద అమర్చింది. అమ్మ టైలరు. ఆ గదిలో ఒక గోడ నిండా కత్తిరించిన చొక్కాలూ కోట్లూ వేలాడుతుంటాయి. ఇంత గుడ్డ వేలాడుతున్న గది రికార్డింగుకి దొరకడం అదృష్టం, ప్రతిధ్వని ఛస్తే రాదని కూతురు సంబరపడింది. నా వ్యాపారం మీ ప్రతిధ్వనికి పనికొచ్చింది కదా, కుట్టుమిషన్ ఆపమని మాత్రం అడక్కండి అని అమ్మ ముందే చెప్పేసింది. చివరికి రికార్డింగు పొద్దున, కుట్టుపని ఆ తర్వాత అని ఒప్పందమైంది.

మాస్టారికి మొదటి రెండు రోజులూ తల ప్రాణం తోకకొచ్చింది. తెర మీద వాయిద్యానికో వరస. ప్రతి వరసకీ ఒక మీట, పైకి తోస్తే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. దాని పైన చిన్న గుండ్రటి బొత్తాం, పేరు పాన్. దాన్ని ఎడమకి తిప్పితే వాయిద్యం ఎడమ చెవిలో మోగుతుంది, కుడికి తిప్పితే కుడి చెవిలో. అన్నిటికీ చివర రెండు ఆకుపచ్చ కడ్డీలు, పాట వినిపిస్తున్నంతసేపూ లేస్తూ పడుతూ ఉంటాయి. ఒకటి ఎడమ పక్క శబ్దం కొలిచేది, ఇంకోటి కుడి పక్కది. ఇదంతా కూతురు చెబుతుంటే ఆయన నోట్‌బుక్కులో బొమ్మలు గీసుకున్నాడు. తాళం కోసం సాఫ్ట్‌వేర్ వేసే టిక్కు టిక్కు శబ్దంతో మాత్రం ఆయనకి మొదటి రోజే చెడింది. ముప్ఫై అయిదేళ్ళలో తనకోసం ఒక్క క్షణం కూడా ఆగని తోటి వాద్యగాడు ఆయనకి తగలడం అదే మొదలు. కాస్త ఆగవయ్యా, ఊపిరి పీల్చుకోనీ అని దాన్ని బతిమాలుతుంటే, కుట్టుమిషన్ వెనకాల భార్య పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

ఒక్క మనిషి నాలుగు వయొలిన్లయ్యే కిటుకు దొరికాక ఆయనకి రెక్కలొచ్చాయి. ఒక వరసలో వాయించి, దాన్ని వింటూ ఇంకో వరసలో వాయించి, అలా నలుగురయ్యాడు. నలుగురయ్యాక నలుగురిలో ఉండే తగువులూ వచ్చాయి. మూడోవాడు ప్రతిసారీ వెనకబడుతున్నాడు, వాణ్ణి పెట్టుకుని లాభంలేదని భోజనాల దగ్గర కూతురికి ఫిర్యాదు చేశాడు. మూడోవాడివీ నువ్వే కదా నాన్నా అంది ఆ పిల్ల. నేనే అయితే మాత్రం, పద్ధతి పద్ధతేనని మర్నాడు పొద్దున్నే లేచి మూడోవాడి చేత మళ్ళీ మొదట్నుంచీ వాయింపజేశాడు.

బాణీ మాత్రం భలే కుదిరింది. నిద్ర లేవనని మొండికేసే పిల్లాడు దుప్పట్లోంచి ఒక కాలు బయటపెట్టినట్టు మొదలై, చివరికి వాడు మంచం మీద గంతులేస్తున్నట్టు ముగుస్తుంది. నాలుగు వయొలిన్లకీ తోడు కంప్యూటర్లోంచి తీసిన గంటలూ, ఒక బుల్లి డోలూ. ఇక మిగిలింది మిక్సింగు, అంటే ఏ వాయిద్యం ఎంత గట్టిగా, ఏ పక్కన వినపడాలో తేల్చడం. మాస్టారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక రోజంతా కూర్చున్నాడు. వింటే అంతా కుడిపక్కకి పోయినట్టుంది. ఈ సాఫ్ట్‌వేర్ స్వభావమే అంత కాబోలనుకుని ఒక్కో వరస పాన్ బొత్తామూ కొంచెం కొంచెం ఎడమకి తిప్పుకుంటూ పోయాడు. సాయంత్రానికి పాట నట్టనడుమ వచ్చి కూర్చుంది. ఎంత ముద్దుగా కూర్చుందంటే, ఇంట్లో ఎవరికీ వినిపించకుండా, ముందు మేడమే వినాలని సోమవారం నాడు తానే పంపించేశాడు.

ఆ ముచ్చట ఒక్క పూటకే తీరింది. మంగళవారం మేడమ్ ఫోన్ చేసి బాణీ చాలా బాగుందంది, పిల్లలు వదలరంది. ఆ తర్వాత కాస్త నసిగి, ఎడమ పక్కే ఎక్కువ మోగుతున్నట్టుంది, మీ దగ్గర ఏమైనా తేడా ఉందేమో చూసి శుక్రవారం మధ్యాహ్నానికి మీరే ఒకసారి పట్టుకురండి, మిగతా కథల సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందామంది. మాస్టారి జన్మలో, ఆయన విన్నదాన్ని సరిగ్గా వినలేదన్నవాళ్ళు లేరు. అయినా తడుముకోకుండా, వైరు లూజయి ఉంటుందండీ అనేశాడు. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసినందుకు తర్వాత ఆయనకే సిగ్గేసింది.

సాయంత్రం మామూలుగా భార్యతో నడకకి వెళ్ళాడు కానీ మనసు మనసులో లేదు. రోజూ అయితే తిరిగొచ్చాక వేళాకోళమాడేవాడు. ఎందుకంటే ఈ మధ్య ఇల్లు చేరగానే ఆవిడ కుళాయి కింద చెప్పులు కడుక్కోవడం రివాజయిపోయింది. ఆయన చెప్పులు అద్దాల్లా ఉంటాయి, ఆవిడవి మాత్రం బురదే బురద. ఇద్దరం ఒకే దారిన పోయొచ్చాం, నీకొక్కదానికే ఎక్కడ దొరుకుతుందోయ్ ఆ బురద అని అడిగేవాడు. ఆవిడ జవాబు చెప్పేది కాదు. చెవి మందగించింది ఆయనకైతే వినపడనట్టు ఉండేది ఆవిడ. ఆ రోజు ఆయన అదీ అడగలేదు. ఆవిడ కడుక్కుంటూ ఆయన మొహంకేసి ఒకసారి చూసింది.

మాస్టారు ఇంట్లోనూ ఆ వైరు మాటే చెప్పడంతో, బుధవారం పొద్దున దాని సంగతి చూడ్డానికి బావమరిది దిగాడు. ఆవిడకి తమ్ముడు, ఎలక్ట్రీషియను. బావకి సాయం చేసే అవకాశమంటే అతనికి చెవికోసుకునేంత ఇష్టం, అందులో బావని ఏడిపించే వీలు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. సంచీలోంచి సామాన్లన్నీ నేల మీద పరిచాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. నిజమే, పాట మొత్తం ఎడమ పక్కకి ఒరిగిపోయి ఉంది, ఇంకొంచెం ఉంటే చెవిలోంచి కింద పడేలా ఉందన్నాడు. వైరు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. తన ఇంట్లో హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. రెండు స్పీకర్లు తెచ్చి అటూ ఇటూ పెట్టి వాయించాడు. దేంట్లో విన్నా అదే ఒరుగు. యంత్రాల్లో ఏ దోషమూ లేదు, ఇక మిగిలింది ఇల్లేనని తేల్చి, మేస్త్రీలు వాడే నీటిమట్టం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో బుడగ నిజంగానే నడుమకి రాకుండా ఓ పక్కన నిలబడింది. ఇదిగో బావా దొరికింది, నీ ఇల్లే ఎడమకి ఒరిగింది, పాటని ఏమని ఏం లాభమంటూ బల్లకోడు కింద అట్టముక్క మడిచి పెట్టాడు.

అతను ఎగతాళికి పెట్టాడు. మాస్టారు మాత్రం మునిగిపోయేవాడికి అదే పడవన్నట్టు పట్టుకున్నాడు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపి, ఇప్పుడు సరిపోయింది, ఇందాకటి తేడా పోయిందన్నాడు. బల్లకోడు కింద అట్టముక్క పెడితే పాట నిటారుగా నిలబడుతుందని వాదించిన సంగీత విద్వాంసుడు లోకంలో ఈయనొక్కడే అయ్యుంటాడు. బావమరిదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజు కూతురికి మధ్యాహ్నం నుంచి డ్యూటీ, అందుకని ఇంట్లోనే ఉంది. అట్టముక్క మాట విని గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. తర్వాత వచ్చి పాట మొదట్నుంచీ పెట్టి, వేలితో తెర చూపించింది. రెండు ఆకుపచ్చ కడ్డీల్లో ఎడమది ఎప్పుడూ బెత్తెడు పైనే ఉంటోంది. పాన్ బొత్తాములన్నీ ఎడమకే తిరిగున్నాయి, తిప్పింది నువ్వే కదా నాన్నా అంది. మాస్టారు గొంతు పెంచాడు. కడ్డీలూ బొత్తాములూ తనకి చెప్పేదేమిటి, పాట చెవితో వినేదా కంటితో చూసేదా అన్నాడు. తనకి నట్టనడుమ వినిపిస్తోంది, ముప్ఫై అయిదేళ్ళుగా తను విన్నదే సరి అన్నాడు. అంటున్నంతసేపూ తెర వైపు మాత్రం చూడలేదు. కూతురు ఏదో అనబోయి, అది చూసి ఆగిపోయింది.

కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. భార్య లేచి, మెడలో వేలాడుతున్న టేపు సర్దుకుంటూ వచ్చింది. భర్త తల మీంచి హెడ్‌ఫోన్స్ తీసింది. వాటిని వెనక్కి తిప్పింది, ఎడమ గిన్నె కుడిపక్కకీ, కుడి గిన్నె ఎడమ పక్కకీ వచ్చేలా. మళ్ళీ ఆయన తలకి తగిలించి, పాట పెట్టమని కూతురికి సైగ చేసింది.

నాలుగు వయొలిన్లూ, గంటలూ, డోలూ అన్నీ కట్టగట్టుకుని వెళ్ళి మాస్టారి కుడి చెవి మీద పడ్డాయి. ఎడమ పక్క ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. అంతా కుడికి వెళ్ళిపోయిందేమిటని ఆయన ఉలిక్కిపడి హెడ్‌ఫోన్స్ లాగేశాడు.

"నట్టనడుమ ఉన్నదైతే తిప్పి పెట్టుకున్నా నట్టనడుమే ఉండాలి కదండీ" అందావిడ మెల్లగా.

బావమరిది నోరు తెరిచాడు. అక్క ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుని, టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి తప్పుకున్నాడు. జన్మలో టీ పెట్టిన మనిషి కాదు.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది, కుడిపక్కన. తన దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఒక భుజం ఇంకో భుజం కంటే దిగి ఉంటుందని చెప్పింది. వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదట. అద్దంలో చూసుకుని, చొక్కా వంకరగా కుట్టావని తనమీదే ఎగురుతారట. మీ భుజమే వంకరని ఆవిడ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. దిగిన భుజం లోపల పల్చటి ప్యాడ్ ఒకటి పెట్టి కుట్టి ఇస్తుంది. తొడుక్కుని, ఇప్పుడు సరిగ్గా కుట్టావమ్మా అని వాళ్ళు మెచ్చుకుని వెళ్ళిపోతారు. ఇదంతా మామూలుగా, ఏ పక్కింటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. ఆ తర్వాత టేపుని వేళ్ళకి చుట్టుకుంటూ అంది.

"నాలుగు నెలల్నుంచీ నేను మీ కుడిపక్కనే నడుస్తున్నాను. మీరు చూసుకోలేదా?"

మాస్టారు చూసుకోలేదు. అది కాదు ఆయనకి తగిలిన దెబ్బ. పై వాటాలో చెంచా చప్పుడు పట్టినవాడు, పాతికేళ్ళుగా తన ఎడమ పక్కన నడిచిన అడుగులు కుడిపక్కకి మారిపోతే పట్టలేకపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఫోను సంగతి, సోఫా సంగతి, పక్క కుర్చీ ఆయన సంగతి, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పేశాడు. చెబుతుంటే ఏడుపూ వచ్చింది, భారమూ తగ్గింది. కూతురు నేలమీదే కూర్చుని ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి వింది. ముందు చెవి డాక్టరుకి చూపిద్దాం, తర్వాత మిగతావి ఆలోచిద్దామని ఫోన్ చేసి వచ్చే సోమవారానికి పేరు రాయించింది.

పాటకి మాత్రం సోమవారం దాకా వ్యవధి లేదు. కూతురు స్టూడియోకి సెలవు చెప్పి పని మొదలుపెట్టింది. కంప్యూటర్లోంచి సన్నటి కూతలూ లావాటి మూలుగులూ ఒక్కొక్కటీ ఒక్కో చెవిలో వినిపించి, వినపడగానే చెయ్యెత్తమంది. ఎడమ చెవిలో ఏది ఎంత తగ్గిందో లెక్క రాసుకుంది. ఆ తగ్గిందాన్ని అంతకంత పెంచే అమరిక ఒకటి తయారుచేసి, నాన్న హెడ్‌ఫోన్స్‌కి వెళ్ళే దారిలో మాత్రమే తగిలించింది. పాటకి దాంతో సంబంధం లేదు, అది ఆయన వినడానికే. దానికి ఏం పేరు పెట్టాలని అడిగితే అమ్మ మిషన్ దగ్గర్నుంచే చెప్పింది, భుజం ప్యాడ్ అని. తెర మీద ఆ పేరే రాశారు. మాస్టారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట విన్నాడు. సిగ్గు సిగ్గుగా నవ్వాడు. ఛీ, ఇంత ఎడమకి ఎవడు తిప్పాడర్రా అన్నాడు. మూడోవాడు అయ్యుంటాడు నాన్నా అంది కూతురు.

గురువారం పొద్దుగూకేలోగా పాట కొత్తగా తయారైంది. మొత్తం ఆయనే కలిపాడు, కూతుర్ని మౌస్ ముట్టుకోనివ్వలేదు. కాకపోతే ఇప్పుడు ఒక కన్ను ఆ ఆకుపచ్చ కడ్డీల మీద కూడా వేసి ఉంచాడు. భార్య వచ్చి విని, హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకుని మళ్ళీ విని, కొలత సరిపోయిందంది. బావమరిది కూడా విన్నాడు. బల్ల కింద అట్టముక్క తీసేయనా, ఉంచనా అని అడిగి అక్క చేత తిట్లు తిన్నాడు.

శుక్రవారం మేడమ్‌కి ఏం చెప్పాలన్న దగ్గర మాత్రం ఇంట్లో రెండు మాటలయ్యాయి. వైరు మీద పెట్టెయ్ బావా, వైరుకి నోరుందా, నీకు ఏడాది పాటు పనుంటుంది, ఎవరికి నష్టమన్నాడు బావమరిది. కూతురు ఎటూ చెప్పలేక ఊరుకుంది. భార్య అయితే మీ ఇష్టం అంది. మాస్టారు వైరుకే మొగ్గాడు. మూడు నెలల్లో ఖాళీ అయిన ఆ పక్క కుర్చీ ఆయన కళ్ళముందు నుంచి కదలడంలేదు. స్టేషన్ దాకా దారి పొడుగునా వైరు ఎలా లూజయింది, ఎక్కడ లూజయింది, ఎవరు బిగించారు అన్నీ మనసులో వల్లెవేసుకున్నాడు. భార్య తోడొచ్చింది. బయట వరండాలో బల్ల మీద కూర్చుంది.

మేడమ్ తన గదిలో పాట విని బల్ల మీద వేళ్ళతో తాళం వేసింది. ఇంకోసారి వింది. చాలా బాగుంది మాస్టారూ, ఇక కథలు మొదలుపెట్టేద్దాం, ప్రతి కథా నా పక్కన కూర్చుని వినండి, మీ చెవికి బాగుందంటే నేనిక మళ్ళీ వినక్కర్లేదు కూడానంది. ఇంతకీ ఆ తేడా దేనివల్లని మాటవరసకి అడిగింది.

వైరు నాలిక చివరి దాకా వచ్చింది. ఏడాది పాటు ఈవిడ పక్కన కూర్చోవాలి. ఏడాది పాటు ఆవిడ తన ఎడమ పక్కకి రాకుండా చూసుకోవాలి, కనుబొమలు ముడవాలి, వైర్లు లూజు చేసుకుంటూ పోవాలి. తలుచుకుంటేనే మాస్టారికి నీరసం వచ్చింది.

"వైరు కాదమ్మా. నా ఎడమ చెవి తగ్గింది, సోమవారం డాక్టరుకి చూపిస్తున్నాను. నాకు సమంగా వినపడేదాకా అంతా ఎడమకి తిప్పేశాను."

అనేసి, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. అయ్యో అంటుంది, భుజం తడుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో తనకి తెలుసు.

మేడమ్ అయ్యో అనలేదు. ఒక్క క్షణం ఆయనకేసి చూసి, నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ మీటరు కూడా చూసుకోకుండా తన హెడ్‌ఫోన్సే పాడయ్యాయనుకుని రిపేరుకి కూడా పంపించిందట. అడగాలి కాబట్టి అడిగిందే కానీ, అసలు సంగతేమిటంటే, పొద్దుటి కార్యక్రమం వెళ్ళే రేడియోలో ఎడమా కుడీ అనేవే లేవట. రెండూ కలిపేసి ఒక్క శబ్దంగా పంపిస్తారు, వినేవాళ్ళ ఇంట్లో ఒక్క స్పీకర్లోంచే వస్తుంది. ఎంత ఎడమకి ఒరిగిన పాటైనా అక్కడికి వెళ్ళేసరికి మామూలైపోతుంది. మీ మొదటి పాట యథాతథంగా వేసినా ఒక్క పిల్లాడికీ తెలిసేది కాదు మాస్టారూ అంది. బల్లకోడు కింద అట్టముక్క దగ్గర్నుంచి భుజం ప్యాడ్ దాకా, ఇంటిల్లిపాదీ మూడు రోజులు పడ్డ యాతన, దాచుకున్న గుట్టు తన నోటితో తనే విప్పుకోవడం, అంతా అసలు అక్కర్లేనే లేదన్నమాట.

ఆయన గతుక్కుమన్న మొహం చూసి ఆవిడ నవ్వాపింది. ఎడమా కుడీ సమంగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఇక్కడ ప్రతి బల్లమీదా మీటర్లున్నాయి, నిద్ర లేవనని మొండికేసే పిల్లాణ్ణి వయొలిన్లో వినిపించే మీటరు మాత్రం ఎవరి దగ్గరా లేదంది. కథలు మీరే చేస్తున్నారు, సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక మంగళవారం రండి అంది. లేస్తూ లేస్తూ, మంగళవారం నుంచి ఆయన కూర్చోవాల్సిన కుర్చీని ఎత్తి తన ఎడమవైపుకి మార్చింది, తను ఆయనకి కుడిపక్కన ఉండేలా. మాస్టారు ఆ కుర్చీని చూసి, రెండు చేతులూ జోడించి బయటికొచ్చాడు.

భార్యకి వరండాలోనే అంతా చెప్పాడు. ఆవిడ విని, ఒక్క స్పీకరని ముందే చెప్పి ఉంటే నాకు రెండు కోట్లు కుట్టుకునే తీరికుండేదంది. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటిదారి పట్టారు. ముందురోజు వానకి వీధి చిత్తడిగా ఉంది. తమ వీధి మలుపు తిరగ్గానే, ఆవిడ ఎప్పటిలాగే వెనకనుంచి చుట్టూ తిరిగి ఆయన కుడిపక్కకి వచ్చింది.

అప్పుడు చూశాడు మాస్టారు, కుడిపక్క ఏముందో. అంచున మురుక్కాలవ. పైన సగం పలకల్లేవు, నీళ్ళు పొంగి రోడ్డు మీదికి వస్తున్నాయి. ఇంటికొచ్చేటప్పుడు కుడిపక్క కాలవ. అదే అంచున వెళ్ళేటప్పుడు కుడిపక్క బళ్ళు, అవి చిమ్మే నీళ్ళు. నాలుగు నెలలుగా రోజూ ఆవిడ నడిచింది అక్కడ. ఎక్కడ దొరుకుతుందోయ్ నీకా బురద అని తను రోజూ నవ్వింది దాన్ని చూసి.

మాస్టారు ఆగిపోయాడు. ఆవిడ మోచెయ్యి పట్టుకుని తన ఎడమ పక్కకి తెచ్చి, తను కాలవ పక్కకి మారాడు. అటుంటే నా మాట మీకు వినపడదు కదండీ అందావిడ. గట్టిగా మాట్లాడు, వీధంతా వింటే విననీ, ఇక దాచేదేముందన్నాడాయన. తల ఎత్తుకుని, ఛాతీ విరుచుకుని, పెళ్ళయిన కొత్తలో నడిచినట్టు నడిచాడు. పది అడుగులు వేశారో లేదో ఎడమ పక్కనుంచి ఆవిడేదో అంది. మాస్టారు అలవాటు కొద్దీ కనుబొమలు ముడిచి ఆలోచనలో ఉన్నట్టు మొహం పెట్టాడు. ఆ వేషం ఇక అక్కర్లేదని అప్పుడు గుర్తొచ్చి, ఏమన్నావని అడగడానికి ఆవిడ వైపు తిరిగాడు.

తిరుగుతూ వేసిన అడుగు నేల మీద పడలేదు. మోకాలి దాకా కాలవలోకి దిగిపోయింది.

"అక్కడ పలక లేదు, చూసుకోండి అన్నాను" అని ఆవిడ వీధి వీధంతా వినపడేలా చెప్పింది. చెప్పి, ఆపుకోలేక, పక్కింటి గోడ పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఒక కాలు కాలవలో, ఒక కాలు రోడ్డు మీద పెట్టుకుని, కుడికి ఒరిగిపోయి నిలబడ్డ మాస్టారికీ నవ్వాగలేదు. ఆ సాయంత్రం కుళాయి కింద ఇద్దరి చెప్పులూ కడుక్కున్నారు. ఆయనవి కడగడానికే ఎక్కువసేపు పట్టింది.